గీత

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటలో కాలికి పని తక్కువ. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తుతారు, లేకపోతే చేత్తో విసురుతారు. మన పల్లెటూరి కబడ్డీ ఆడినవాడికి ఇందులో కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. అక్కడా ఇక్కడా అంతా గీతలోనే ఉంది. బంతి ఆగినచోట అడ్డంగా ఒక గీత ఉందనుకోవాలి. దానికి అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది, ఎద్దుల్లా వంగి ఎదురెదురుగా నిలబడతారు. బంతి కదలకముందే ఎవడైనా గీత దాటాడా, జెండా పడుతుంది. అయిదు గజాలు పోతాయి.

1951లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీకి ఇలాంటి జట్టొకటి ఉండేది. పేరు డాన్స్. నాట్యం అనుకునేరు, స్పానిష్ భాషలో డాన్ అంటే దొర. పేరుకే దొరలు. జెస్యూట్ గురువులు నడిపే చిన్న విద్యాలయం అది, ఆటకు పెట్టే ఖర్చు ఎక్కువ, వచ్చే రాబడి తక్కువ. సొంత ఊళ్ళో ఆట ఉంటే ఊరుమ్మడి కెజార్ స్టేడియమే దిక్కు.

కాని ఆ మనుషులు! జీనో మార్చెట్టి యుద్ధంలో జర్మన్ల మీద మెషీన్‌గన్ పట్టి తిరిగొచ్చినవాడు. అలాంటివాణ్ణి కాలేజీ మైదానంలో ఎవడు భయపెట్టగలడు? బాబ్ సెయింట్ క్లెయిర్ ఆరడుగుల తొమ్మిదంగుళాలు, పైగా మాంసం పచ్చిదే తినేవాడు. ఆలీ మాట్సన్ చేతికి బంతి చిక్కితే ఇక దుమ్మే మిగిలేది. మెంఫిస్ నుంచి వచ్చిన బర్ల్ టోలర్ ఎదుటి జట్టువాణ్ణి పట్టి పడేయడంలో దిట్ట. కోచ్ జో కుహారిచ్. వీళ్ళ ఘనతను పత్రికలకు ఎక్కించే కుర్రాడు ఒకడున్నాడు, పాతికేళ్ళవాడు, పేరు పీట్ రోజెల్.

ఆ ఏడు తొమ్మిది ఆటలు ఆడారు, తొమ్మిదీ గెలిచారు. న్యూయార్క్ వెళ్ళి ఫోర్డమ్ జట్టును ఓడించారు. కాలేజ్ ఆఫ్ పసిఫిక్ గట్టి జట్టని పేరు, దాన్ని 47-14తో చిత్తుచేశారు. చివరి ఆట నవంబరు 25న పసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియంలో, లయోలా మీద. అదీ 20-2తో గెలిచారు. మాట్సన్ ఆ సీజన్‌లో బంతితో పరిగెత్తింది 1,566 గజాలు. ఆ ఏడు దేశంలో అంతకంటే ఎక్కువ పరిగెత్తిన కాలేజీ కుర్రాడు లేడు.

ఇక మిగిలింది పిలుపు.

కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే పెద్ద ఆటలను అక్కడ బౌల్ ఆటలంటారు. మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూఆర్లియన్స్‌లో షుగర్ బౌల్, ఇలా. అప్పట్లో వీటికి ఎవరంతట వాళ్ళు వెళ్ళడానికి లేదు, నిర్వాహకులు పిలవాలి. పిలిస్తే డబ్బొచ్చేది. బౌల్ అంటే గిన్నె కదా. మిగతా కాలేజీలకు అది వెండిగిన్నె కావచ్చు, ఈ డాన్స్‌కు మాత్రం అన్నం గిన్నె. ఆ సొమ్మొస్తే జట్టు మరో ఏడాది బతుకుతుంది.

ఆటగాళ్ళు తర్వాత్తర్వాత చెప్పుకున్న ప్రకారం కబురైతే వచ్చింది, దాని తోకకు ఒక షరతు కట్టి వచ్చింది. మాట్సన్, టోలర్ ఇద్దరూ నల్లవాళ్ళు. దక్షిణాదిలో తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య గీసిన గీత బడిలో ఉంది, బస్సులో ఉంది, మంచినీళ్ళ కుళాయి దగ్గర కూడా ఉంది. ఆటస్థలంలో ఎందుకుండదు? ఆ ఇద్దర్నీ ఇంటి దగ్గర వదిలేసి మిగతావాళ్ళు రండి, అదీ కబురు.

ఇక్కడ కథల్లో అయితే పెద్ద చర్చ పెట్టాలి. ఒకడు డబ్బు లెక్క చెప్పాలి, ఇంకొకడు కన్నీళ్ళు పెట్టుకోవాలి, టోలర్ లేచి మీరు వెళ్ళండిరా అనాలి. అంత సీనేమీ లేదు. జట్టు కాదంది. మా వాళ్ళిద్దరూ రాని పేరంటానికి మేమూ రామన్నారు, అంతే. అప్పటికి వాళ్ళలో చాలామందికి పాతికేళ్ళు నిండలేదు.

1952 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ తలపడ్డాయి. ఆ సీజన్‌లో మొదటిది ఒక ఆట సమం చేసుకున్న జట్టు, రెండోది ఒకటి సమం చేసుకుని ఒకటి ఓడిన జట్టు. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచినవాళ్ళు ఇంటి దగ్గరే ఉన్నారు. ఇంటి దగ్గరైనా ఏం మిగిలింది? ఈ నష్టం మోయలేమని యూనివర్సిటీ అప్పటికే ఫుట్‌బాల్ ఎత్తేసింది.

తలా ఓ దిక్కుకు పోయారు. మాట్సన్ ఆ వేసవిలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచి, వృత్తి ఫుట్‌బాల్‌లోకి వెళ్ళాడు. అతను, మార్చెట్టి, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ పోనుపోను ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. ఒక్క కాలేజీ జట్టులోంచి ముగ్గురు! కుహారిచ్ షికాగో వెళ్ళి అక్కడి జట్టుకు కోచ్ అయ్యాడు.

టోలర్‌కు మాత్రం కాలం కలిసిరాలేదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే వృత్తి జట్టు అతన్ని ఎంచుకుంది. వృత్తి జట్ల లీగ్‌లో అడుగు పెట్టకముందే, 1952 ఆగస్టులో షికాగోలో కాలేజీ వీరులకూ వృత్తి జట్టుకూ మధ్య పెట్టిన ఆటలో మోకాలు చితికింది. ఇక పరుగు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకే తిరిగొచ్చి బళ్ళో మాస్టారుగా చేరాడు, తర్వాత హెడ్మాస్టరయ్యాడు. ఆట ఇక ఎవరైనా పిల్లాడు అడిగితే, అవును నాయనా, నేనూ ఒకప్పుడు ఆడాను, అని చెప్పుకునే కథ.

1980 జనవరి 20. అదే పసడీనా, అదే రోజ్ బౌల్, డాన్స్ జట్టు చివరి ఆట ఆడిన అదే పచ్చిక. వృత్తి జట్ల లీగ్‌లో ఏడాదికి ఆఖరి పెద్ద ఆట, పద్నాలుగో సూపర్ బౌల్. పిట్స్‌బర్గ్ ఒకవైపు, లాస్ ఏంజెలెస్ ఒకవైపు. స్టేడియంలో 1,03,985 మంది. ఈ మొత్తం తిరునాళ్ళకు పెద్ద, లీగ్ కమిషనర్, మరెవరో కాదు, ఒకప్పుడు డాన్స్ వార్తలు పత్రికలకు మోసిన పీట్ రోజెల్.

రెండు జట్లూ ఎదురెదురుగా వంగి నిలబడ్డాయి. మైదానం అంచున చారల చొక్కా వేసుకుని, ఈల పట్టుకుని, యాభై ఒక్కేళ్ళ నల్లజాతి మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఏ సూపర్ బౌల్‌లోనూ ఆ చొక్కా ఒక నల్లవాడి ఒంటిమీదికి రాలేదు. ఆయన హెడ్ లైన్స్‌మన్. పేరు బర్ల్ టోలర్.

హెడ్ లైన్స్‌మన్ అంటే, గీత చివర నిలబడి, దాన్ని ఎవడు దాటాడో చూసి జెండా విసిరేవాడు.