కేబులు మామ

హోసూరు నుంచి బాగలూరు వైపు పోయినా, బేరికె వైపు పోయినా, కెలమంగలం వైపు పోయినా, దిగిన పల్లెలో ఈ మామ ఒకడు తగులుతాడు. పేరుతో పనిలేదు, ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ మామే. సిప్కాటు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏండ్లు షిఫ్టులు చేసి, వీఆరెస్ తీసుకొని, నాయన వదిలిపోయిన ఎకరంన్నరలో ఇల్లు కట్టుకున్న రకం. ఇంటి వెనక మామిడి చెట్లు, వాటి వెనక పశువుల కొట్టం, దాన్ని ఆనుకొని సొప్ప కోసే మిషన్ గది, అవతల ఎరువుల రూము. ఈమధ్య ఒక మూల పాలీహౌసు కోసమని నాలుగు గుంజలు కూడా పాతినాడు. ఫిబ్రవరి 14కు ఊరూరి గులాబీలు విమానమెక్కి విదేశాలు పోతుంటే తన తోటవి మాత్రం ఇంట్లో కూర్చోవాలా అని పట్టుదల.

ఇంటి నుంచి కొట్టానికి 250 అడుగులు. ఆ 250 అడుగులూ పద్ధతిగా కరెంటు తీసుకుపోవాలి. మామకు మిగిలిన పని ఇదొక్కటే.

కొట్టంలో ఇప్పుడు కరెంటు లేదనుకునేరు. భేషుగ్గా ఉంది. వంటింటి కిటికీలోంచి ఒక వైరు బయటికొచ్చి, బట్టలారేసే తీగ పక్కనే సాగి, మునగ కొమ్మకు ఒక చుట్టు చుట్టుకొని, మామిడి కొమ్మల్లో కాసేపు కనబడకుండా పోయి, కొట్టం గుంజకు వేలాడే హోల్డరులో తేలుతుంది. దారిలో మూడు అతుకులు. అతుకు అతుక్కీ పాలప్యాకెట్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసుంటుంది. మొదటి రెండు కవర్లూ ఎండకు పొడిపొడి అయినాయి గానీ రబ్బరు బ్యాండ్లు మాత్రం మార్చినట్టున్నారు, కొత్తవి. ఈ ఏర్పాటు పేరు ‘టెంపరరీ’. పెద్దపాప పెండ్లిలో పందిట్లో లైట్లకని లాగినారు. ఆ పాప కొడుకు ఇప్పుడు అయిదో తరగతి.

మునగ కొమ్మంత నమ్మరానిది ఇంకొకటి లేదని పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు. మామకూ తెలుసు. అందుకే తొందరపడకుండా ప్లాను వేస్తున్నాడు.

ప్లాను ఒక ఫ్యాక్టరీ డైరీలో ఉంటుంది. మూడు రంగుల పెన్నులు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చది ఎర్తు. చెట్లన్నీ గుండ్రాలు, వాటిలో ఎస్ అని ఉంటే సెందూర, బీ అని ఉంటే బెంగళూరా. ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ కంటే ముందు ఈ డైరీ వస్తుంది. పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముహూర్తం చెప్పకుండానే తిరిగిపోయిన సందర్భాలున్నాయి.

వైరింగు చేసే పిల్లోడొకడు ఒకసారి ధైర్యం చేసి వచ్చినాడు.

“మామా, 2.5 వైరు లాగేస్తా, పొద్దుగూకే లోపల అయిపోతాది.”

మామ నవ్వినాడు. ఆ నవ్వు కోసమే ఇన్నేండ్లు ఎదురుచూసినట్టుంది.

“కూర్చోరా అబ్బయ్యా. 250 అడుగులంటే ఎన్ని మీటర్లు?”

“డెబ్భై ఆరు.”

“పోయేది డెబ్భై ఆరు. మళ్లీ రావద్దా? కరెంటు పోయి అక్కడే సంసారం పెడతాదా? 152 మీటర్లు. 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరుకు కిలోమీటరుకు 7.4 ఓములు. అంటే మనకు ఒక ఓము, పైన కొంచెం. సొప్ప మిషన్ మోటారు రెండు హార్స్ పవరు, పది ఆంపులు లాగుతాది. పదకొండు ఓల్టులు దారిలోనే పోయినాయా?”

“పోతే పోనీ మామా, 230లో పదకొండెంత!”

“అది తిరిగేటప్పుడు. మరి స్టార్టింగులో? అయిదింతలు లాగుతాది. యాభై ఆంపులంటే యాభై ఆరు ఓల్టులు గోవిందా. సాయంత్రం పూట మన ఊళ్లో ఓల్టేజీ ముందే నీరసంగా ఉంటాది. మోటారు గురక పెడతాది గానీ లేవదు. వైండింగు కాలితే నువ్వు కట్టిస్తావా?”

నిజం చెప్పాలంటే ఇందులో తప్పు పట్టడానికి ఒక్క అంకె లేదు. మామ లెక్క అంతా కరెక్టే. పల్లెల్లో కాలిపోయే మోటార్లలో చాలావాటికి ఇదే రోగం, దూరం ఎక్కువ, వైరు సన్నం. 6 స్క్వేర్ ఎమ్ఎమ్ వేసుంటే ఆ యాభై ఆరు ఓల్టులు ఇరవై మూడుకు దిగుతాయి, కథ ఒడ్డెక్కుతుంది. పిల్లోడు కూడా అదే అన్నాడు: “సరే మామా, ఆరు వేస్తాం.”

ఒప్పుకున్నాడే అని మామకు దిగులు పట్టుకుంది. ఒప్పేసుకుంటే పని మొదలుపెట్టాలి కదా. “ఆరు ఇప్పటికి సరిపోతాది. రేపు?” అన్నాడు.

ఆ రేపు అనే మాటతో ప్లాను రెండో భాగంలోకి దిగింది. రేపు పాలీహౌసుకు ఫాగర్ల పంపు. రేపు పాలు పితికే మిషన్. రేపు పూలు పెట్టను చిన్న కోల్డ్ రూము. ఊరికి దగ్గరే కరెంటు స్కూటర్లు చేస్తాండారు కాబట్టి రేపు మనుమడి బండికి చార్జింగు. అన్నీ కూడేసరికి మూడు తొమ్మిది వాట్ల బల్బులు, ఒక సొప్ప మిషన్ ఉన్న చోటుకు పదిహేడు కిలోవాట్ల లోడు తేలింది. కేబులు 6 నుంచి 10కి, 10 నుంచి 16కి పోయింది. సింగిల్ ఫేజు చాలదు, త్రీ ఫేజు కావాలి. త్రీ ఫేజు కావాలంటే ఈబీ, అంటే కరెంటు బోర్డు, ఆఫీసుకు పోవాలి. హోసూరులో ఈబీ పని అంటే దరఖాస్తు తమిళంలో, బయట టీకొట్టు దగ్గర సలహాలు కన్నడంలో, ఇంటికొచ్చి తిట్లు తెలుగులో. మామ మూడింట్లోనూ దిట్టే, కానీ ఈ ఏటికి వద్దులే అన్నాడు.

దూరానికి కరెంటు లాగడం మాటకొస్తే, మన రాష్ట్ర సరిహద్దు దాటితే, వేపనపల్లికి అవతల, కోలారు బంగారు గనులున్నాయి. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి మీద పుట్టించిన కరెంటును స్తంభాలు నాటి 92 మైళ్లు లాక్కొచ్చి ఆ గనుల్లో మిషన్లు తిప్పినారు. ప్రపంచంలో అప్పటికి అంత పొడుగు లైన్లు చాలా తక్కువ. పని మొదలుపెట్టి ముగించడానికి పట్టింది దాదాపు రెండేండ్లే. ఈ సంగతి మామకు చెప్పిన మనిషి పాపం ఎగతాళికే చెప్పినాడు. మామ మాత్రం గర్వంగా తలూపి, “చూసినావా, వాళ్లూ ఓల్టేజి డ్రాపు లెక్క వేసుకున్నాకే కదా దిగినారు” అన్నాడు.

బిల్లు భయం వేరే ఉంది. తమిళనాడులో ఇంటి కరెంటుకు రెండు నెలలకొక బిల్లు, 2016 నుంచి మొదటి 100 యూనిట్లు ఉచితం. 500 దాటితే మాత్రం కింది మెట్ల రేటు కూడా మారిపోతుంది. కొట్టం లోడు ఇంటి మీటరు మీద పడితే ఆ గీత దాటుతామా లేదా అని డైరీలో విడిగా ఒక అధ్యాయమే ఉంది. “బోరు మోటారుకు ఊరకే కరెంటు వస్తాంది కదా మామా, దాన్నుంచి లాగరాదా” అని ఎవరన్నా అంటే మామ చెవులు మూసుకుంటాడు. సేద్యానికని ఇచ్చిన కరెంటుతో ఇల్లు నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెండింతల రేటు వేస్తారని, ఆ సెక్షను నంబరుతో సహా చెప్తాడు. అల్లుడి ఫోను నంబరు మాత్రం ఇప్పటికీ నోటికి రాదు.

కేబులు భూమిలో పోవాలని మామ తీర్మానం. ఆర్మర్డ్ కేబులు, రెండున్నర అడుగుల కాలువ, అడుగున ఇసుక, పైన వరసగా ఇటుకలు, ఆ పైన మన్ను. రేపెవడో గడ్డపార దించితే ముందు ఇటుక చెప్పాలి, “ఆగు” అని. కొట్టం దగ్గర విడిగా ఒక ఎర్తు గుంత, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. ఆ పక్కన ముప్ఫై మిల్లీఆంపులకే పడిపోయే ఆర్‌సీసీబీ. మనిషి చెప్పులేసుకొని నిలబడతాడు, ఆవు తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడుతుంది, ముందుకాళ్లకూ వెనక్కాళ్లకూ నడుమ గుండె ఉంటుంది, మనకు జివ్వుమనే కరెంటు దాన్ని పడగొడుతుంది. ఈ మాటలు చెప్పేటప్పుడు మామ గొంతులో పరిహాసం ఉండదు. విని ఊరుకోవడం నా వల్ల కాలేదు, ఆ రాత్రే ఇంటికొచ్చి మా కొట్టంలో ఎర్తు వైరు ఉందో లేదో టార్చి వేసి చూసుకున్నాను.

కాలువ గీత ప్రతి సంక్రాంతికీ వేస్తాడు, ముగ్గుపిండితోనే. అత్త ముగ్గు కోసం కలిపి పెట్టుకున్నది సగం ఇటే పోతుంది. గీత మామిడిచెట్ల వేర్లకు తగలకుండా వంకర తిరిగి, ఒకసారి బెంగళూరాకు ఎడమగా, ఒకసారి కుడిగా పోతుంది. కోళ్లు దాన్ని గెలికి గెలికి ఉగాదికి మాయం చేస్తాయి. తవ్వే మనిషిని పిలిచే లోపల మామిడి కోతలొస్తాయి. కోతలు కాగానే వానలు. వానలు పోతే రాగి కోతలు. ఈలోగా రాగి తీగ ధర సంగతి. బాగలూరు రోడ్డు మీద ఎలక్ట్రికల్ షాపులో మామ నెలకొకసారి ధర అడుగుతాడు. ఎప్పుడడిగినా వచ్చే నెల తగ్గేటట్టు కనబడుతుంది. షాపాయన ఇప్పుడు మామ మెట్లెక్కుతుండగానే, “ఇంకా ఎక్కింది సార్” అని తనే చెప్పేసి మిగతా బేరం చూసుకుంటున్నాడు.

అయితే ఈ మామను ఎగతాళి చేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. చలికాలం వస్తే బన్నేరుఘట్ట వైపు నుంచి తళి, జవళగిరి, దెంకణికోట మీదుగా ఏనుగులు రాగిచేల మీదికి దిగుతాయి. ఒక ఏడు పక్క చేను ఆసామి వచ్చి, “మామా, నీ ఇంటి లైను నుంచి ఒక తీగ ఇయ్యి, చేను చుట్టూ తిప్పుకుంటా, రాత్రికి మాత్రమే” అన్నాడు. మామ ఇయ్యలేదు. కంచెకు బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజరు వేరే ఉంటుందని, అది క్షణకాలం చరిచి వదిలేస్తుందని, 230 ఓల్టులు వట్టి తీగలో వదిలితే పట్టుకున్నదాన్ని వదలదని గంటసేపు చెప్పినాడు. 2023 మార్చిలో పక్క జిల్లా ధర్మపురిలో, మారండహళ్లి దగ్గర, ఇట్లాంటి దొంగకంచెకే ఒక్క రాత్రిలో మూడు ఏనుగులు చచ్చిపోయినాయి, రెండు గున్నలు వాటి పక్కనే తిరుగుతూ మిగిలినాయి. ఆసామి గొణుక్కుంటూ పోయినాడు. ఆ చేను ఏనుగులు కొంత తిన్నాయి. మామ రెండు మూటల రాగులు ఇచ్చి పంపినాడు, ఆ లెక్క ఏ డైరీలోనూ రాయలేదు.

అత్త సంగతి చెప్పలేదు కదూ. ఆమె ప్లాను ఎప్పుడూ వేయదు. తెల్లారి నాలుగున్నరకు పాలు పితకాలి, గాలి కొడితే టెంపరరీ ఊగి బల్బు మినుకుమంటుంది, బర్రె బెదిరి కాలు విదిలిస్తుంది. ఒకరోజు మామ క్రిష్ణగిరిలో మామిడి ప్రదర్శనకు పోయినాడు. ఆ పగలు అత్త సంఘం డబ్బుల్లోంచి ఒక సోలార్ లైటు తెప్పించి, వైరింగు పిల్లోడితోనే కొట్టం పైకప్పుకు కొట్టించి, మునగ కొమ్మ మీద వైరు పీకించి చుట్ట చుట్టి అటక మీద పారేసింది.

సాయంత్రం మామ వచ్చినాడు. కొట్టం వెలుగుతోంది. తలెత్తి చూసినాడు, చుట్టూ తిరిగి చూసినాడు. కోపం రాలేదు. అరుగు మీద కూర్చొని డైరీలో కొత్త పేజీ తిప్పినాడు.

“మేయ్, పలక దక్షిణానికే ఉండాది గానీ వాలు తప్పు. హోసూరు అక్షాంశం పన్నెండు ముప్పావు. వాడు ముప్ఫై డిగ్రీలకు పెట్టినాడు. ఎంత ఎండ నష్టమో లెక్క వేస్తా ఉండు. నిచ్చెన ఎక్కడ?”

“నిచ్చెన ఆ పిల్లోడితోనే పంపించేసినా,” అంది అత్త. “సొప్ప మిషన్‌కు ఆరు స్క్వేర్ కేబులు రేపు వాడే తెస్తాడు, అడ్వాన్సు ఇచ్చినా. నువ్వు రేపు ఇంకేదైనా ప్రదర్శన ఉంటే చూసుకో.”