అలంకార్ ప్లస్

రూబీ భాషలో ఒక కుర్రాడు రాసిన లైబ్రరీ 40 లైన్లే. ఒక హ్యాష్ ఇస్తే దానికి డెకరేటర్ ఆబ్జెక్టు తయారుచేసి పెడుతుంది. లోపలి డేటాను ముట్టుకోదు, పైపైన ముస్తాబు చేస్తుంది. 95 మార్కులుంటే పక్కన ‘ఏ1’ చేరుస్తుంది. మొదట దానికి అలంకార్ అని పేరు పెట్టాడు. తిరగరాశాక అలంకార్ ప్లస్ అన్నాడు.

కిటుకంతా మెథడ్ మిస్సింగ్‌లో ఉంది. ఆబ్జెక్టుకు తెలియని మెథడ్‌ను పిలిస్తే రూబీ ఆ పిలుపును అక్కడికి పంపుతుంది. అక్కడ హ్యాష్‌లో వెతికి జవాబు చెప్పించాడు. నేమ్ అడిగితే పేరు, మార్క్స్ అడిగితే మార్కులు వచ్చాయి. ఆ రెండింటికీ టెస్టులు రాశాడు.

తెనాలిలో తాను చదివిన ప్రైవేటు స్కూలుకు ప్రోగ్రెస్ కార్డుల ప్రోగ్రాం ఊరికే చేసిచ్చాడు. ముందుగా తొమ్మిదో తరగతి కార్డులు ప్రింటు తీసి పంచారు.

మర్నాడు ఒక కార్డు అతని కంటబడింది. పేరు సరిగ్గానే ఉంది. మార్కులూ సరిగ్గానే ఉన్నాయి. క్లాసు అన్నచోట 9 లేదు. ‘అలంకార్ ప్లస్’ అని ఉంది.

కారణం వెంటనే తట్టింది. రూబీలో మామూలు ఆబ్జెక్టులన్నిటికీ పుట్టుకతోనే క్లాస్ అనే మెథడ్ ఉంటుంది. అడిగితే తాను ఏ క్లాసుకు చెందిందో చెబుతుంది. తెలిసిన మెథడే కాబట్టి పిలుపు మెథడ్ మిస్సింగ్ దాకా రాదు, హ్యాష్‌లోని 9 బయటపడదు. రూబీతో పాటు వచ్చే ఓపెన్‌స్ట్రక్ట్ అనే లైబ్రరీ కూడా 2020 డిసెంబరు నాటి 3.0లో గానీ ఈ పేచీని సరిగ్గా తీర్చుకోలేదు. అతను క్లాస్ అనే మెథడ్‌ను విడిగా రాశాడు. ఒక్క లైను. ఈసారి దానికీ టెస్టు రాశాడు.

సాయంత్రం స్కూలుకు పరుగెత్తాడు. కరస్పాండెంటు గది ముందు తల్లిదండ్రులు బారులు తీరి ఉన్నారు. వాళ్లను తప్పించుకుని లోపలికి వెళ్లాడు.

“సార్, పొరపాటు నాదే. కార్డులన్నీ వెనక్కి తెప్పించండి. రాత్రికల్లా మళ్లీ ప్రింటు తీసిస్తాను.”

కరస్పాండెంటు లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“బయట ఉన్నవాళ్లంతా ఎనిమిదో తరగతి వాళ్లు బాబూ. తమ పిల్లల్ని అందులో ఎందుకు వెయ్యలేదని పొద్దుటి నుంచీ ఒకటే గొడవ” అన్నాడు. “అలంకార్ ప్లస్‌కి ఫీజు ఎంత పెడదామంటావ్?”