కారును కారుచౌకగా నడుపుకునే 8 చిట్కాలు: చేవెళ్ల, మొయినాబాద్ వాసులకు ప్రత్యేకం

కారు ఎవరైనా కొంటారు. ఒళ్లు వంచకుండా, జేబులో చెయ్యి పెట్టకుండా నడుపుకోవడంలోనే ఉంది తెలివి. కింది చిట్కాలను వరసగా పాటించండి. ఒక్కటీ వదలొద్దు.

1. పది గుంటలు అమ్మండి. ఆ డబ్బు కారుకు పెట్టొద్దు, దావత్‌లకు పెట్టండి. కారుకు లోన్ తీసుకోండి. 9 శాతం వడ్డీకి 8 లక్షలు తీసుకుంటే 3 ఏళ్లకైతే నెలకు 25 వేలు దాటుతుంది, 7 ఏళ్లకైతే 13 వేలలోపే. చిన్న కిస్తీకే సంతకం పెట్టండి. మొత్తం వడ్డీ సుమారు 1.16 లక్షల నుంచి 2.81 లక్షలకు పెరుగుతుంది. అది ఏడేళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి కంటికి ఆనదు.

2. బండిని నేరుగా చిలుకూరు బాలాజీ గుడికి తీసుకెళ్లండి. పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించండి. దిష్టి పోయింది. ఇక ఇన్సూరెన్స్ ఖర్చు దండగ. కొత్త కారుకు థర్డ్ పార్టీ 3 ఏళ్లకు ముందే కట్టించుకుంటారు, అది మన చేతిలో లేదు. సొంత డ్యామేజీ పాలసీ రెన్యువల్ మెసేజ్ వస్తే మాత్రం చదవకుండా తీసేయండి. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ మొత్తం సున్నా అవుతుంది. పోయేదంతా పోయాక దిగులుండదు. మూడేళ్లు నిండగానే థర్డ్ పార్టీ కూడా ఆపేయండి. దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు. ఎవరినైనా గుద్దితే పరిహారం సొంత ఆస్తిలోంచి కట్టాలి. అందుకే మిగతా భూమి జాగ్రత్తగా ఉంచుకోండి.

3. ఫ్రీ సర్వీసులు అయిపోగానే సర్వీసింగ్ మానేయండి. ఇంజిన్ ఆయిల్ నల్లగా, చిక్కగా మారుతుంది. చిక్కనిదే బలం. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే దాని మీద ఒక స్టిక్కర్ అంటించండి. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగితే ఇంకాస్త పెద్ద స్టిక్కర్ కావాలి. రెండు సైజులూ ముందే కొనిపెట్టుకోండి.

4. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలన్నది రూలు. గాడిలోకి తొంగిచూస్తే అడుగున అడ్డంగా చిన్న చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. రబ్బరు వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టు గుర్తు. ఆ దిమ్మెలు కూడా అరిగిపోయేదాకా తిప్పండి. గుర్తే లేకపోతే రూలు ఎవరు చూపిస్తారు?

5. చలాన్ పడిన వెంటనే కట్టేవాడు అమాయకుడు. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలాన్లకు రాయితీ ఇచ్చినప్పుడు కార్లకు సగం తగ్గింది. 2023 డిసెంబర్ చివర్లో ఇచ్చినప్పుడు 60 శాతం తగ్గింది. మూడోసారి ఎప్పుడిస్తారో ఎదురుచూస్తూ మరిన్ని చలాన్లు పోగుచేయండి. ఎక్కువ ఉన్నవాడికే ఎక్కువ లాభం.

6. మెహదీపట్నం బస్సు వైపు చూడకండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అయినా ఇంటావిడను కార్లోనే దించండి. పాల ప్యాకెట్టుకు చౌరస్తా దాకా కారే. తోటలోంచి తీసిన తడి క్యారెట్ బస్తాలు వెనక సీటు మీద వేయండి. ఆటో కిరాయి మిగిలింది. సీటు వాసన సంగతి ఎక్కినవాళ్లు చూసుకుంటారు.

7. శని, ఆదివారాల్లో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు వచ్చేవాళ్లను తెల్ల నంబర్ ప్లేటు బండిలోనే కిరాయికి తిప్పండి. పోలీసులు ఆపితే ‘మా మేనత్త కొడుకు సార్’ అనండి. ఆ మేనత్త కొడుక్కి తెలుగు రాకపోతే ‘బొంబాయిలో పెరిగాడు’ అనండి. సొంత బండిని కిరాయికి తిప్పితే క్లెయిమ్ ఇవ్వరు. రెండో చిట్కా పాటించినవాళ్లకు ఆ బెంగ లేదు.

8. ఐదేళ్లు నిండేసరికి ఇన్సూరెన్స్ లెక్కలో ఏ కారు విలువైనా సగమవుతుంది. మీది ఇంజిన్ పట్టేసి, టైర్లు నున్నబడి, చలాన్లతో నిండి ఉంటుంది కాబట్టి ఆ సగం కూడా ఎవరూ ఇవ్వరు. లోన్ ఇంకా 2.8 లక్షలు మిగిలి ఉంటుంది. కిస్తీలు ఆపేయండి. ఫైనాన్స్ వాళ్లే ఇంటికొచ్చి బండిని లాక్కెళ్తారు. అమ్ముకోవడానికి తిరిగే శ్రమ తప్పుతుంది.

ఇక మిగిలిన భూమిలో ఇంకో పది గుంటలు అమ్మండి. ఈసారి ఇంకా పెద్ద బండి బుక్ చేయండి.