అడ్డంగా నిలబడ్డ లారీ

నేను లారీని. ఇటలీలో సస్సువోలో దగ్గర టైల్స్ ఎక్కించుకుని, ఆల్ప్స్ కొండల కింద మోబ్లాఁ సొరంగం దాటి, ఫ్రాన్సులోని లియోన్‌లో దించేదాన్ని. సొరంగం పొడవు 11.6 కిలోమీటర్లు, దాటడానికి పావుగంట. ముందు కాగితాలకు మాత్రం ఒక పూట. ఉమ్మడి మార్కెట్ అంటూ 1957లోనే ఇటలీ, ఫ్రాన్సు, వాటి జత దేశాల సంతకాలు రోములో అయ్యాయి, 1968కి తమలో తమకు సుంకాలూ ఎత్తేశారు. కాగితాలు పోలేదు. ఫారం కింద కార్బన్, దాని కింద ఇంకో ఫారం. అడుగు ప్రతిలో అక్షరాలు ఊదా మరకల్లా ఉండేవి. ఓసారి ఒక అధికారి ఆ మరకను లైటు కింద తిప్పితిప్పి చూసి, మళ్లీ రాసి తెమ్మన్నాడు.

1984 ఫిబ్రవరిలో ముందు ఇటలీ కస్టమ్స్ వాళ్లు, తర్వాత ఫ్రాన్సు వాళ్లు పని నెమ్మది చేశారు. చలిలో చీమలబారులా మేం. మా డ్రైవరు డీజిల్ మిగుల్చుకోవాలని ఇంజను ఆపేసి, నా మెట్టు మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టి కాఫీ కాచుకున్నాడు. చివరికి డ్రైవర్లకు ఒళ్లు మండి లారీలను రోడ్లకు అడ్డం పెట్టేశారు. నన్ను కూడా.

ఆ గోల పెద్దవాళ్ల చెవిన పడింది. జూలైలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ సార్‌బ్రూకెన్‌లో సరిహద్దు తనిఖీలు తగ్గించుకునే ఒప్పందం రాసుకున్నాయి. మరుసటేడు జూన్ 14న మొసెల్ నదిలో, షెంగెన్ ఊరి దగ్గర, పడవెక్కి అయిదు దేశాలు అలాంటి ఒప్పందం మీదే సంతకాలు చేశాయి. అదే ఏడు యూరోపియన్ కమిషన్ పగ్గాలు పట్టిన జాక్ దెలోర్ 1992 ఆఖరుకల్లా ఒకే మార్కెట్ అన్నాడు. అదే కమిషన్‌లోని లార్డ్ కాక్‌ఫీల్డ్ తీసేయాల్సిన అడ్డంకులకు 300 దాకా చట్టాల చిట్టా రాశాడు. 1986 నాటి సింగిల్ యూరోపియన్ యాక్టుతో మార్కెట్ సంగతులు చాలావాటికి మెజారిటీ ఓటు చాలన్నారు. అంతకుముందు ఒక్క దేశం కాదంటే బండి కదిలేది కాదు. చరిత్ర రాసేవాళ్లు ఘనత ఎక్కువగా దెలోర్‌కే ఇస్తారు. ఇవ్వనీ. రోడ్డు మీద వణికిన మాకూ పిసరంత వాటా ఉందని నా ఏడుపు.

1988లో ఫారాల కట్టంతా పోయి ఒకే పత్రం వచ్చింది. 1993 జనవరి 1 నుంచి అదీ చూపక్కర్లేదు. ఆ నెల మొదటి ట్రిప్పులో, ఎవరూ ఆపకపోయినా, మావాడు అలవాటు కొద్దీ పాత చోటే బ్రేకు తొక్కాడు. కస్టమ్స్ ఏజెంటు గది షట్టరు దించి ఉంది. మావాడికి ఇటాలియన్ అంతంతమాత్రం. ఇన్నేళ్లూ ఫారాలు నింపిపెట్టింది ఆ ఏజెంటే. మావాడు షట్టరు వైపు చూసి, ఒకసారి హారను కొట్టి, గేరు మార్చాడు. సొరంగం టోలు మాత్రం ఎప్పట్లాగే కట్టాం.