సూక్ష్మజీవులకు లోటు లేదు, సీటుకే

మా పడమటి మండలాల్లో సూక్ష్మజీవికి ఉన్నంత పాత పరపతి మనిషికి లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 1882లో రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని పట్టి చూపించాడు. దాన్ని ఎదుర్కోవడానికి పొడిగాలి, ఎత్తు చూసుకుని మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియమే కట్టారు. 1950ల్లో బీసీజీ టీకా మీద పెద్ద పరీక్ష జరిగింది ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే. అదే 1915లో అనీబిసెంట్ చలవతో ఊరికి కాలేజీ కూడా వచ్చింది. క్రిమీ, కాలేజీ ఇంత దగ్గర చుట్టాలైన ఊళ్లో మా అమ్మాయి బైపీసీ పాసై, డిగ్రీలో మైక్రోబయాలజీ మేజరే కావాలని కూర్చుంది. అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ.

వెబ్ ఆప్షన్ల జాబితాలో కోర్సు కనబడుతుంది. కాలేజీకి పోతే కనబడదు. ‘‘ఉంది సార్, ఉంది. బ్యాచ్ నిండితే ఉంటుంది’’ అన్నారు ఒకచోట. నిండకపోతే? ‘‘కంప్యూటర్స్‌లో వేసేస్తాం, భయపడద్దు.’’ భయపడినట్టు నేనెక్కడా చెప్పలేదు, కానీ ఆ మాటతో పట్టుకుంది. ఇంకోచోట ల్యాబ్ చూపించమన్నాను. తాళంచెవి వెతికి తెరిచారు. మైక్రోస్కోపులకు ప్లాస్టిక్ తొడుగులు, తొడుగుల మీద దుమ్ము, దుమ్ము మీద ఎవరో వేలితో రాసిన పేరు. ఇంక్యుబేటర్ మాత్రం పనిచేస్తోంది. లోపల అటెండరు గారి టిఫిన్ క్యారియరు వెచ్చగా ఉంది. క్రిములు పెంచాల్సిన పెట్టెలో ఉప్మా పెట్టిన ఆ ధైర్యానికి నమస్కారం పెట్టి వచ్చేశాను.

దీనికి మూలం ఆ అటెండరు కాదు. మునుపు డిగ్రీ అంటే మూడు సబ్జెక్టులు. మైక్రోబయాలజీ, బోటనీ, కెమిస్ట్రీ అని కలిపి కట్టేవారు. బోటనీకి వచ్చిన పిల్లల పుణ్యాన మైక్రోబయాలజీకీ తరగతి నడిచేది. 2023-24 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఒక మేజరు, పక్కన ఒక మైనరు. పద్ధతి మంచిదేనేమో, నగరాల్లో. మా వైపు మాత్రం ఒంటరి సబ్జెక్టు తన పిల్లల్ని తానే పోగుచేసుకోవాలి. పిల్లలు చేరితే గానీ లెక్చరర్ను పెట్టరు, లెక్చరర్ ఉంటే గానీ పిల్లలు చేరరు.

పుంగనూరు వెళ్తే అక్కడి చుట్టం పొట్టి ఆవును చూపించి మజ్జిగ పోశాడు. ఆ పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని వాళ్ల గర్వం, న్యాయమైనదే. ‘‘ఇంతకీ ఏం చదువు బావా అది?’’ అన్నాడు. ఇప్పుడు నువ్వు పోసిన మజ్జిగకు ముందు పాలను పెరుగుగా తోడుకునేలా చేసినవాటి చదువు అన్నాను. ‘‘దానికి డిగ్రీ ఎందుకు? మా అమ్మ చెంచాడు తోడేస్తుంది’’ అన్నాడు. పిల్లను నర్సింగ్‌లో చేర్చమని సలహా కూడా ఇచ్చాడు. ఫీజు తీసుకోలేదు.

కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. ఎంబీబీఎస్ వాళ్లకు మైక్రోబయాలజీ పాఠ్యాంశమే. అయితే ఆ క్రిముల్ని కలవాలంటే ముందు నీట్ దాటి రావాలి. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కదా, అటు కోలారుకో, ఇటు కృష్ణగిరికో, తిన్నగా బెంగళూరుకో పంపమని పెద్దలు సెలవిచ్చారు. హాస్టలు ఖర్చు సంగతి మాత్రం ఎవరూ సెలవియ్యలేదు. పైగా మన ఫీజు రీయింబర్స్‌మెంట్ సరిహద్దు దాటి వస్తుందా అని అడిగితే అందరూ కాఫీ చల్లారుతోందన్నారు.

ఇంతకీ ఈ చదువుతో పనేమిటని అడిగేవారిని ఒక్కసారి మదనపల్లె టమోటా మార్కెట్టుకు రమ్మంటున్నాను. వానపడ్డ మర్నాడు క్రేటు అడుగున కాయ మెత్తబడి నీరు కారుతుంటుంది. దాన్ని పాడుచేసిందేమిటో, రెండు రోజులు ఎట్ల ఆపాలో చెప్పగలవాళ్లు రైతు పక్కన ఉండాలా వద్దా? పాల డెయిరీల్లో, ఆసుపత్రి ల్యాబుల్లో, మందుల కంపెనీల్లో ఆ మనుషులే కావాలి.

అయ్యా, ఉన్నత విద్య అధికారులూ! సీటు ఇంటికి తెచ్చి ఇమ్మని అడగడం లేదు. జాబితాలో కోర్సు పేరు పక్కన మూడు సంగతులు రాయండి: పోయినేడు ఎంతమంది చేరారు, పాఠం చెప్పేవారు ఉన్నారా, ల్యాబులో ఆటోక్లేవ్ పనిచేస్తుందా. రాయలేకపోతే ఆ పేరు తీసేయండి. మేము ఆ చదువు కోసం తిరపతి బస్సుకు టికెట్ తీసుకుంటాం.