పొరుగువాడికి బుద్ధి చెప్పే విద్య

సరిహద్దు గేటు మూస్తే పొరుగు దేశానికి బుద్ధి వస్తుందనే సిద్ధాంతానికి ఈ మధ్య పండితుల కొరత లేదు. ఈ సిద్ధాంతంలో వాణిజ్యమంటే పొరుగువాడికి పెట్టే భిక్ష. దాన్ని ఆపిన మర్నాడే అతడు కాళ్లబేరానికి వస్తాడు. గేటుకు ఇటువైపు సరుకు అమ్ముకునేవాడు ఒకడుంటాడన్న అల్పవిషయం పాఠ్యప్రణాళికలో చేరలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఒకప్పుడు వంటింటికే పరిమితం కాగా, దాన్ని విదేశాంగ నీతిగా పెంచిన ఘనత టీవీ చర్చలది. ఈ చదువుకు ఫీజు కట్టేది మాత్రం గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రైతు.

గేటు తెరిచి ఉన్నప్పుడు ఏం జరిగిందో 2020 జులై చెబుతుంది. లాక్‌డౌన్‌లో లారీలు కదలక చిక్కుకుపోయిన ఎండుమిర్చి, గుంటూరు దగ్గరి రెడ్డిపాలెంలో 16 పార్సిల్ వ్యాన్లకెక్కి, 384 టన్నుల బరువుతో నేరుగా బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌లో దిగింది. లారీలో టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యే రవాణా ఖర్చు రైల్వే లెక్కలో 4,608కి తగ్గింది. ఈ రైలు ఎవరికీ బుద్ధి చెప్పలేదు కనుక చర్చకు పనికిరాలేదు.

చర్చకు పనికొచ్చిన ఘట్టం 2025లో నడిచింది. ఒక దేశపు సరుకు మరో దేశపు నేల మీద వాహనం మారి మూడో దేశానికి సాగిపోయే వీలును ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. బంగ్లాదేశ్‌కు 2020లో ఇచ్చిన ఆ సదుపాయాన్ని భారత్ ఏప్రిల్ 8న రద్దు చేసింది. వారం తిరక్కుండా ఢాకా, ల్యాండ్ పోర్టుల గుండా, అంటే లారీలు సరిహద్దు దాటే తనిఖీ కేంద్రాల గుండా, భారత నూలు రావడాన్ని ఆపేసింది. మే 17న ఢిల్లీ, బంగ్లా రెడీమేడ్ దుస్తులు కోల్‌కతా, నవా షేవా ఓడరేవుల్లోనే దిగాలని శాసించింది. ఎవరు ఎవరికి ఎక్కువ బుద్ధి చెప్పారన్నది ఇంకా తేలలేదు గానీ, భారత నూలును పెద్ద ఎత్తున కొనే దేశానికి నూలు ఓడెక్కి చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. స్పిన్నింగ్ మిల్లు నూలు అమ్ముడుపోకపోతే పత్తి ఎందుకు కొంటుందన్న ప్రశ్న మిల్లులున్న చిలకలూరిపేట, గణపవరం దాటి టీవీ స్టూడియోలకు చేరలేదు.

పొరుగున ఇంత పట్టుదల చూపిన ప్రభుత్వం దూరదేశాల పట్ల ఔదార్యం చూపింది. అమెరికా సుంకాల దెబ్బ తిన్న వస్త్ర పరిశ్రమకు ఊరటగా, పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. తొలి తీత పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు సరిగ్గా అవే. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించినందున రైతుకు దిగులక్కర్లేదని పండితులు అంటారు, మద్దతు ధర ప్రకటించడమూ ఆ ధర చేతికందడమూ ఒకటేనన్నట్టు.

మిర్చికి వచ్చేసరికి సిద్ధాంతం మరీ ఇరుకున పడుతుంది. 2023లో క్వింటా 20,000 దాటిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద, అంటే ధర కూలినప్పుడు ప్రభుత్వం అడ్డుపడే ఏర్పాటు కింద, 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. గుంటూరు తేజ రకానికి అతిపెద్ద విదేశీ ఖాతాదారు చైనా. ఆ దేశపు వస్తువులను బహిష్కరించాలని 2020 నుంచి ఊరూరా ప్రతిజ్ఞలు చేసినవారు, అక్కడి నుంచి వచ్చే మిర్చి ఆర్డర్లను బహిష్కరించాలని గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర ఒక్క బ్యానరైనా ఇంతవరకు కట్టలేదు.