దేవుడి సెలక్షన్ కమిటీ

ప్రత్యేకమైన పిల్లల్ని దేవుడు ప్రత్యేకమైన తల్లిదండ్రులకే ఇస్తాడట. ఈ మాట నాకు పెళ్లిళ్లలో, పరామర్శల్లో, వాట్సాప్‌లో గులాబీ పువ్వుతో సహా అందుతూనే ఉంటుంది. మావాడికి సెరిబ్రల్ పాల్సీ. ఎదురైనవాళ్లు ముందు వాడి కాళ్లకేసి, తర్వాత నా మొహంకేసి చూసి, "నీకు ఓపికుందనే ఇచ్చాడమ్మా ఆయన" అంటారు. అనేసి హాయిగా బఫే వైపు నడుస్తారు.

అంటే పైన ఒక సెలక్షన్ కమిటీ ఉందన్నమాట. ఓపిక పరీక్ష పెట్టి, మెరిట్ ప్రకారం పిల్లల్ని కేటాయిస్తుంది. అదే నిజమైతే ఆ కమిటీ తండ్రుల్ని సరిగ్గా ఇంటర్వ్యూ చేసినట్టు లేదు. నాకు తెలిసిన తల్లుల్లో కొందరి భర్తలు, డాక్టరు జబ్బు పేరు చెప్పిన కొన్నాళ్లకే బిడ్డతో సహా భార్యని పుట్టింట్లో దింపేసి చక్కా పోయారు. మా ఆయన పోలేదు. పోనందుకే చుట్టాలు ఆయన్ని సాక్షాత్తూ శ్రీరామచంద్రుడంటారు. (ఉత్తరకాండ సంగతి తెలిసే అంటారో, తెలియక అంటారో.)

మా అమ్మమ్మ కాలంలో ఇది పూర్వజన్మ పాపం. ఇప్పుడు వరం. పోనీ ప్రమోషనొచ్చిందని సంతోషిద్దామంటే, ఫైలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ దేవుడి ఆఫీసులోనే మూలుగుతోంది. మున్సిపాలిటీకి గానీ, బడి యాజమాన్యానికి గానీ, ఆర్టీసీకి గానీ దాని కాపీ అయినా వెళ్లదు. పాపమైతే మేం అనుభవించాలి, వరమైతే మేం మురిసిపోవాలి. ర్యాంపు కట్టాల్సినవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

చట్టం మటుకు దేవుడి జోలికి పోలేదు. 1995 వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే, 2016 చట్టం వాటిని 21 చేసింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కుందని 31వ సెక్షన్ అంటుంది. గుర్తింపు ఉన్న బళ్లన్నీ వివక్ష లేకుండా పిల్లల్ని చేర్చుకునేలా ప్రభుత్వం ప్రయత్నించాలని 16వ సెక్షన్. ఆ ప్రయత్నం ఎలా ఉంటుందో ఒక ప్రిన్సిపాల్ గారు నాకు చూపించారు. "మీలాంటి తల్లిని నేనింతవరకూ చూడలేదమ్మా, మీకు పాదాభివందనం. సీటు మాత్రం కష్టం. మా క్లాసులన్నీ పై అంతస్తులో." పాదాలదాకా వంగడానికి సిద్ధపడ్డ మనిషి, ఒకటో తరగతిని మేడ మీంచి కిందికి దించలేకపోయారు.

పొగడ్తకి శాలువా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మహిళా దినోత్సవానికి ఒక సేవా సంస్థవాళ్లు నాకు 'ఆదర్శ మాతృమూర్తి' బిరుదు ఇస్తామన్నారు. ఫంక్షన్ హాలు మేడ మీద, లిఫ్టు చెడిపోయింది. ఇద్దరు కుర్రాళ్లు మావాణ్ని వీల్‌చెయిర్‌తో సహా పల్లకీలా ఎత్తి మెట్లెక్కించారు. పైకి చేరాక ఫొటోగ్రాఫరు, "మొహాలు పడలేదన్నా, కిందికి దించి ఇంకోసారి ఎత్తండి" అన్నాడు. దించి, ఎత్తారు. మావాడికి బ్రహ్మాండంగా నచ్చి, మళ్లీ కావాలన్నాడు. అక్కడి బాత్రూమ్ తలుపులో వీల్‌చెయిర్ పట్టదని ఆ తర్వాత తెలిసింది. శాలువా కప్పుతున్న ఫొటోలో నా మొహం వెలిగిపోతోందని అందరూ అన్నారు. వాడికి అర్జెంటని అప్పుడు నాకొక్కదానికే తెలుసు.

ఇంత ధైర్యం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటారని యాంకరమ్మ మైకు పెట్టి అడిగింది. ఫిజియో గది బయట బెంచీ మీంచి తెచ్చుకుంటానమ్మా. అక్కడ ఎవరూ ఎవర్నీ దేవత అనరు. నీళ్లు తాగితే పొలమారే పిల్లాడికి జావ ఎంత చిక్కగా కాయాలో, కాలి స్ప్లింటు పట్టీ ఊడితే ఏ చెప్పులాయన కుట్టిస్తాడో, వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్లే సదరం క్యాంపుకి ఏ కాయితం మర్చిపోతే వెనక్కి పంపుతారో అక్కడే తెలుస్తుంది. 2023లో తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలైనప్పుడు, అది ఎన్నో తారీఖు దాకా ఫిజియోకి సరిపోతుందో ఆ బెంచీ మీద నోటిలెక్కతో తేల్చేశారు. స్టెమ్‌సెల్ సూదితో నడిపించేస్తామన్న కరపత్రం నా చేతిలో చూసి, పాలమూరు నుంచి వచ్చే ఒకావిడ, "అక్కా, గా పైసల్తోని పోరనికి మంచి కుర్చీ కొనరాదు" అంది. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకి తప్ప స్టెమ్‌సెల్ సూదిని చికిత్స అనలేమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లోనే చెప్పింది. ఆవిడ ఐసీఎంఆర్ పేరు విని ఉండదు, కరపత్రాలవాళ్లకి అప్పు చేసి కట్టిన చుట్టాల్ని చూసింది. ఆవిడ కొడుకు గోడ ఆసరా లేకుండా కూర్చున్న రోజు బెంచీ అంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. వరమా, శాపమా అని ఎవరూ చర్చ పెట్టలేదు. బజ్జీలు చల్లారిపోతాయి కదా.

కాబట్టి నన్ను పొగడాలని నాలుక మరీ దురదపెడితే, ఆదివారం మా ఇంటికొచ్చి ఓ మూడు గంటలు మావాడితో అష్టాచెమ్మా ఆడండి. నేనూ మా ఆయనా సినిమాకి పోయొస్తాం. వాడు గవ్వలు ఎడంచేత్తో వేస్తాడు. మాట నిదానం గానీ లెక్క తప్పడు. ఓడిపోతే మాత్రం గవ్వలు విసిరికొడతాడు. అది సెరిబ్రల్ పాల్సీ కాదు, వాళ్ల నాన్న పోలిక.